కాలువలు కట్టేసిన నెలల్లో పంపిన సరుకు: ఒక కోనసీమ కోకోపీట్ యూనిట్ కేస్ స్టడీ

గోదావరి జిల్లాల్లో చిన్న యూనిట్లకు ఎగుమతి విషయాల్లో సలహా ఇవ్వడం నా పని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: బయటి దేశంలో కొనేవాళ్లను చూపించండి, మిగతాది మేం చూసుకుంటాం అని. ఈ కేసులో కొనేవాడు తేలిగ్గానే దొరికాడు. లైసెన్సులూ కాగితాలూ పెద్దగా ఇబ్బంది లేకుండా వచ్చాయి. సరుకు ఓడెక్కింది, మొదట్లో డబ్బూ వచ్చింది. అయినా ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆ కుటుంబం కొబ్బరితోట తాకట్టు పెట్టే ఆలోచన దాకా వెళ్లింది. ఎక్కడ ఏ నిర్ణయం దేనికి దారి తీసిందో వరసగా రాస్తే, ఎగుమతికి సిద్ధమవుతున్న వాళ్లకు పనికొస్తుందనిపించింది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, కొన్న దేశం, కొన్ని అంకెలు మార్చాను.

నేపథ్యం

కోనసీమలో కొబ్బరి డొక్కకు కొదవ లేదు. అంబాజీపేట చుట్టుపక్కల కాయ ఒలిచాక మిగిలే డొక్కలను పీచు ఫ్యాక్టరీలు కొంటాయి. డొక్కను కొడితే పీచు ఒకవైపు, గోధుమరంగు పొట్టు ఒకవైపు వస్తాయి. ఒకప్పుడు పీచుకే విలువ. పొట్టును గట్ల మీద పోసేవాళ్లు, లేకపోతే తగలబెట్టేవాళ్లు. ఇప్పుడు అదే పొట్టును కడిగి, ఆరబెట్టి, యంత్రంలో నొక్కి 5 కిలోల బ్లాకులు చేస్తే అది కోకోపీట్. మట్టి లేకుండా టమాటా, కీరా, స్ట్రాబెర్రీ పెంచే గ్రీన్‌హౌస్‌లు దాన్ని కొంటాయి.

మా క్లయింట్‌ది రెండో తరం పీచు ఫ్యాక్టరీ. లెక్కలు, కూలీల పని ఆయన భార్య చూస్తారు. బావమరిది యంత్రాలు చూస్తాడు. ఇరవై మందికి పైగా పనివాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లే. చాలా ఏళ్లు పొట్టును తమిళనాడులోని పొల్లాచ్చి వ్యాపారులకు అమ్మారు. వాళ్లు తమ పేరు మీద ఎగుమతి చేసుకునేవారు. తీసుకున్న నెల తీసుకునేవారు, లేకపోతే లేదు. డబ్బు రెండు నెలలకు వచ్చేది. తేమ ఎక్కువుందని లారీకి ఇంత అని కోత పడేది. బ్యాంకు అప్పుతో సొంతంగా బ్లాక్ ప్రెస్ పెట్టుకున్నాక నేరుగా ఎగుమతి చేద్దామనుకోవడం సహజమే. నేనైనా వద్దని ఉండేవాణ్ని కాదు.

విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర కార్యాలయం డీజీఎఫ్‌టీ నుంచి ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి నంబరు, కాయిర్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు, కస్టమ్స్‌లో విదేశీ డబ్బు తీసుకునే బ్యాంకు కోడ్ (ఏడీ కోడ్), జీఎస్‌టీ ముందుగా కట్టక్కర్లేకుండా ఎల్‌యూటీ అనే హామీపత్రం. ఇవన్నీ విశాఖలోని క్లియరింగ్ ఏజెంట్ చేయించాడు. చిన్నవాళ్లకు ఎగుమతి అనగానే ఈ కాగితాల గురించే టెన్షన్. నిజానికి ఇప్పుడు వీటిలో చాలావరకు ఆన్‌లైన్‌లోనే అయిపోతాయి.

మొదటి ఒప్పందం

2023 అక్టోబరులో ఐరోపాలోని ఒక దిగుమతిదారుతో ఒప్పందం కుదిరింది. గ్రీన్‌హౌస్‌లకు సరుకు వేసే మధ్యస్థాయి కంపెనీ. శాంపిల్ పంపారు, నచ్చింది. డిసెంబరు నుంచి జూన్ దాకా నెలకు రెండు కంటైనర్లు. ధర సీఐఎఫ్, అంటే ఓడ కిరాయి, బీమా కలిపి అవతలి రేవు దాకా ఖర్చు అమ్మేవాడిదే. ధర ఏడు నెలలకూ ఒకటే. డబ్బు 30 శాతం అడ్వాన్సు, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) కాపీ చూపగానే. నాణ్యత దగ్గర ఒకే ఒక్క వాక్యం: ఈసీ 0.5 లోపు ఉండాలి.

ఈసీ అంటే విద్యుత్ వాహకత. పొట్టు నానబెట్టిన నీటిలో ఎంత ఉప్పు దిగిందో మిల్లీసీమెన్స్‌లో చెప్పే అంకె. కొబ్బరి డొక్కలోనే పొటాషియం, సోడియం లవణాలుంటాయి. సముద్రం దగ్గర తోటలైతే ఇంకా ఎక్కువ. కడగని పొట్టులో లేతమొక్క వేరు మాడుతుంది. అందుకే గ్రీన్‌హౌస్ రైతు ముందు అడిగేది ఈసీ ఎంతని.

చూడడానికి బాగున్న ఈ ఒప్పందంలో మూడు బలహీనతలున్నాయి. ఓడ కిరాయి పెరిగితే భారం మొత్తం అమ్మేవాడిది. ఈసీ ఏ పద్ధతిలో, ఎవరి ల్యాబులో కొలవాలో రాయలేదు. ఏడు నెలల్లో రెండు నెలలు ఏప్రిల్, మే. ఈ మూడోది ఎందుకు బలహీనతో డెల్టాలో ఉండేవాళ్లకు కాసేపట్లో అర్థమవుతుంది.

ఒక నష్టం పూడ్చబోయి ఇంకొకటి

2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద హూతీల దాడులు మొదలయ్యాయి. డిసెంబరు మధ్యకల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఆ దారి మానేసి ఆఫ్రికా చుట్టూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా తిప్పడం మొదలుపెట్టాయి. ప్రయాణం పది, పదిహేను రోజులు పెరిగింది. ఐరోపాకు కిరాయి కొన్ని వారాల్లోనే రెట్టింపు దాటింది.

కోకోపీట్‌కి ఇది మిగతా సరుకుల కంటే గట్టిగా తగులుతుంది. 40 అడుగుల హైక్యూబ్ కంటైనర్‌లో సుమారు 24 టన్నులు పడుతుంది. ఆ మొత్తం విలువే కొన్ని వేల డాలర్లు. రొయ్యల కంటైనర్‌కి కిరాయి రెట్టింపైతే లాభం తగ్గుతుంది. పొట్టు కంటైనర్‌కి కిరాయి రెట్టింపైతే లాభం పోయి అసలులోకి దిగుతుంది.

జనవరిలో ఆయన, సరుకు కొంటున్న కంపెనీని కిరాయి పంచుకోమని అడిగారు. వాళ్లు ఒప్పందం చూపించారు. ఫిబ్రవరిలో మళ్లీ అడిగితే బదులు ఒక ప్రతిపాదన వచ్చింది: కిరాయి పెరుగుదలలో కొంత మేం భరిస్తాం, మీరు నెలకు రెండు బదులు మూడు కంటైనర్లు పంపండి, డబ్బు మాత్రం డీఏ 60 రోజులు. అంటే సరుకు ముందు వాళ్ల చేతికి వెళ్తుంది, అడ్వాన్సు లేదు, అరవై రోజుల తర్వాత చెల్లింపు.

ఆయన ఒప్పుకున్నారు. నాతో చెప్పిన కారణం ఇది: "కంటైనర్‌కి ఇంత పోతోంది మాస్టారూ, సంఖ్య పెరిగితే కరెంటు, కూలీ ఖర్చు సర్దుకుంటుంది కదా అనుకున్నా." లెక్క తప్పేమీ కాదు. కాకపోతే అంతదాకా ఉన్నది ధర నష్టం ఒక్కటే. అది ప్రతి నెలా కళ్లముందు కనిపిస్తుంది, ఎంతో తెలుస్తుంది. దాన్ని తగ్గించుకోవడానికి ఆయన తీసుకున్నది అప్పు మీద అమ్మకం, దాంతోపాటు ఎక్కువ సరుకు. ఆ రిస్కు కొలత ఎవరికీ తెలియదు. ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చే మలుపు ఇదే. ఫిబ్రవరిలో ఆయన దగ్గర మరో దారి ఉంది. మిగిలిన కంటైనర్ల సంఖ్య తగ్గించమని అడిగి, నష్టాన్ని అక్కడే ఆపడం. కొనేవాళ్లు ఒప్పుకునేవాళ్లో లేదో చెప్పలేం, కానీ అడగనేలేదు. మొదటి ఎగుమతి కదా, మాట పోతుందన్న బెంగ అడ్డొచ్చింది. మన వైపు మాట పోవడం అంటే చిన్న సంగతి కాదు, ఆ బెంగను నేను తక్కువ చేయను.

వచ్చిన సమస్య

నా దగ్గరకు వచ్చింది 2024 జూన్ చివర్లో. ఏప్రిల్, మే నెలల్లో పంపిన వాటిలో నాలుగు కంటైనర్లను కొన్న కంపెనీ నిరాకరించింది. వాళ్ల ల్యాబు రిపోర్టులో ఈసీ 1.3 నుంచి 1.5 దాకా ఉంది. సరుకు వెనక్కి తీసుకెళ్లండి, లేదా సగం ధరకు ఇవ్వండి అన్నారు. అంతకుముందు డీఏ మీద వెళ్లిన కంటైనర్ల డబ్బు కూడా ఈ గొడవ తేలేదాకా ఆపుతామన్నారు. రేవులో ఉచిత రోజులు అయిపోయి రెండు కంటైనర్ల మీద రోజువారీ చార్జీ నడుస్తోంది.

ఆయన చేతిలో ఇక్కడి ల్యాబు సర్టిఫికెట్లున్నాయి. అన్నిటిలో ఈసీ 0.5 లోపే. "మన రిపోర్టు పాస్, వాళ్ల రిపోర్టు ఫెయిల్. కిరాయి పంచుకోవడం ఇష్టం లేక నాటకం ఆడుతున్నారు" అన్నది ఆయన నమ్మకం. అప్పటికి మూడు వారాలుగా అవే సర్టిఫికెట్లు మళ్లీ మళ్లీ పంపుతూ మెయిళ్లు రాస్తున్నారు.

అంతకుముందు చేసినవి, ఫలించనివి

మెయిళ్ల వాదన వల్ల ఒరిగింది లేదు. అవతల చార్జీ మాత్రం పెరిగింది.

యార్డులో మిగిలిన పొట్టును మళ్లీ కడిగించారు. కాలువలోకి ఇంకా నీళ్లు రాలేదు, బోరు నీళ్లతో కడిగారు. రెండుసార్లు కడిగినా మార్పు లేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఎగుమతి డబ్బుకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ పాలసీ ఉంది, క్లెయిం పెడదామనుకున్నారు. ఇది చాలామంది పొరబడే చోటు. కొన్నవాడు దివాలా తీసినా, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినా ఈసీజీసీ ఆదుకుంటుంది. సరుకు బాగాలేదని కొన్నవాడు గొడవ పెడితే మాత్రం, ఆ దేశపు కోర్టులో మనం గెలిచి తీర్పు తెచ్చుకుంటే తప్ప క్లెయిం నిలవదు. నాలుగు కంటైనర్ల పొట్టు కోసం ఐరోపాలో కోర్టుకెక్కడం చిన్న యూనిట్‌కి జరిగే పని కాదు.

సరుకును అక్కడే మరొకరికి అమ్ముదామని చూస్తే వచ్చిన ఒక్క ఆఫరూ మూడో వంతు ధరకు.

అటక మీద కవర్లు

నేను మొదట అడిగింది ఒప్పందం కాదు, శాంపిళ్లు. వాదనకు ముందు అసలు సరుకు ఎలా ఉందో మనకు తెలియాలి కదా. ప్రతి కంటైనర్‌కీ ఒక శాంపిల్ దాచి ఉంటారన్న ఆశ నాకు లేదు. కానీ ఆయన భార్య లోపలికెళ్లి అటక మీది గోనెసంచి దింపించారు. నిండా పాలిథిన్ కవర్లు. ఒక్కొక్క దాంట్లో రెండు గుప్పెళ్ల పొట్టు, పైన స్కెచ్ పెన్నుతో తేదీ, లారీ నంబరు. పొల్లాచ్చి వ్యాపారులు తేమ పేరుతో కోత పెట్టే రోజుల నుంచి ఆవిడకు ఇది అలవాటు. "ఎప్పటికైనా అక్కరకొస్తాయని తీసి పెట్టేదాన్ని అన్నయ్యగారూ" అన్నారు. ఈ కేసు నిలబడింది ఆ సంచి వల్లనే.

ఈసీ కొలవడానికి పద్ధతులు ఒకటి కాదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13038 ప్రకారం ఒక వంతు పొట్టుకు అయిదు వంతుల నీళ్లు. నెదర్లాండ్స్‌లో తోటల సలహాదారులు ఏళ్ల తరబడి వాడుతున్నది ఒకటికి ఒకటిన్నర. నీళ్లు ఎక్కువ పోస్తే ఉప్పు పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. ఒకే పొట్టు మొదటి పద్ధతిలో 0.4 చూపిస్తే, రెండో పద్ధతిలో దానికి రెండింతలో ఇంకా ఎక్కువో చూపిస్తుంది. ఇక్కడి ల్యాబు కొలిచింది 1:5లో. కొన్నవాళ్లు కొలిచింది 1:1.5లో. ఇద్దరి రిపోర్టులూ నిజమే.

అయితే అక్కడితో ఆగితే సగమే తెలిసినట్టు. పద్ధతి తేడా ఒక్కటే కారణమైతే జనవరి కంటైనర్లు కూడా ఫెయిల్ కావాలి. అవి ఎందుకు పాసయ్యాయి? అందుకే డిసెంబరు నుంచి మే దాకా ఉన్న కవర్లన్నిటినీ రెండు పద్ధతుల్లోనూ పక్కపక్కనే కొలిపించాం. చలికాలపు పొట్టు 1:5లో 0.15 దగ్గర ఉంది, 1:1.5లో కూడా 0.5 దాటలేదు. ఏప్రిల్ రెండో వారం తర్వాతి పొట్టు 1:5లో 0.4, 0.45. అంటే ఇక్కడి గీత ప్రకారం పాసే, కానీ జనవరి సరుకుతో పోలిస్తే మూడింతల ఉప్పు. సరుకు నిజంగానే మారింది. ఇక్కడి సర్టిఫికెట్ గీత వదులుగా ఉండడం వల్ల ఆ మార్పు ఎవరి కంటా పడలేదు.

ఆ తర్వాత మీటరు నీళ్లలో పెట్టాం. కాలువ నీళ్లు 0.3. బోరు నీళ్లు 2 పైన.

దాళ్వా (రబీ వరి) కోతలకొచ్చాక ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువలు కట్టేస్తారు. మరమ్మతులు, పూడికతీత అయ్యాక సార్వాకు (ఖరీఫ్ వరికి) జూన్‌లో మళ్లీ వదులుతారు. ఈ మధ్య రోజుల్లో యూనిట్‌కి దిక్కు బోరే. సముద్రానికి దగ్గరి పల్లెల్లో బోర్లు ఉప్పెక్కడం, చెరువుల సాగు పెరిగాక ఇంకా ముదరడం అక్కడివాళ్లకు తెలియంది కాదు. అందరికీ తెలిసిన ఈ సంగతి ఎగుమతి ఒప్పందంలోకి రాలేదు, ఎందుకంటే ఒప్పందం రాసుకునేటప్పుడు ఎదురుగా ఉన్నది ధర, కంటైనర్ల సంఖ్య. పొల్లాచ్చి వ్యాపారికి అమ్మినప్పుడు వేసవి పొట్టు, చలికాలపు పొట్టు అని తేడా లేదు. ఆయన నాలుగు ఊళ్ల సరుకు కలిపేవాడు. మధ్యవర్తి తీసుకున్న లాభంలో ఆ కలపడం విలువ కూడా ఉందని, ఆయన తప్పుకున్నాక గానీ అర్థం కాలేదు.

రాజీ

మూడు దారులు. సరుకు వెనక్కి తెప్పించడం: అప్పటి కిరాయికి సరుకు విలువే చాలదు, దాన్ని మొదటే పక్కన పెట్టాం. సగం ధరకు ఇచ్చేయడం: అది నష్టం ఒక్కటే కాదు, ఇన్‌వాయిస్ విలువ తగ్గించడానికి బ్యాంకు ఆమోదం కావాలి. అప్పటి నిబంధన ప్రకారం తగ్గింపు 25 శాతం లోపుంటే బ్యాంకు తన స్థాయిలోనే ఒప్పుకోవచ్చు. అది దాటితే వ్యవహారం ముదురుతుంది. డబ్బు పూర్తిగా రాకపోతే షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌లో ఎగుమతి పత్రం), ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వు బ్యాంకు ఈడీపీఎంఎస్‌లో అప్పట్లో తెరిచే ఉండేది, తర్వాతి ఎగుమతులకు చిక్కు. కాబట్టి మూడో దారి, 25 శాతం లోపు తగ్గింపు మీద తేల్చుకోవడం.

సగం అడుగుతున్నవాళ్లను పావుకు దింపడం ఎలా? మన దగ్గరున్నవన్నీ వాళ్ల ముందు పెడదామన్నాను. ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. "మన తప్పు మనమే రాసిస్తే ఇంకా పిండుతారు కదండీ" అన్నారు. ఆ భయం సబబే. కానీ అవతలివాళ్లు మూడు వారాలుగా మాట్లాడుతున్నది, ఏదో దాస్తున్నాడని వాళ్లు అనుకుంటున్న మనిషితో. వాళ్లకు నాలుగు కంటైనర్ల సంగతి కంటే, మిగతా సరుకు కూడా ఇంతేనా అన్న అనుమానం పెద్దది. అది తీరిస్తేనే ఆపిన పాత డబ్బు కదులుతుంది. ఆయన భార్యే మధ్యలో కల్పించుకుని, "జనవరి కవర్లు బాగున్నాయని చెప్పాలంటే మే కవర్లు బాగోలేవనీ చెప్పాలి, రెండూ ఒక్క కాగితం మీదే కదా ఉన్నాయి" అన్నారు. ఆయన ఒప్పుకున్నారు.

ప్రతి కంటైనర్‌కీ కడిగిన తేదీ, ఏ నీళ్లు, రెండు పద్ధతుల్లో ఈసీ రాసి ఒక పట్టిక పంపాం. కాలువలు ఎప్పుడు కట్టేశారో, ఎందుకో రెండు పేరాల్లో వివరించాం. ఈసారి జవాబిచ్చింది కొనుగోళ్ల మేనేజరు కాదు, వాళ్ల సాంకేతిక నిపుణుడు. ఉప్పు కాస్త ఎక్కువున్న పొట్టును కుండీ మట్టి మిశ్రమాలు చేసేవాళ్లకు మళ్లించవచ్చని ఆయనే అన్నాడు. అక్కడ మిగతావాటితో కలిసి పలచబడుతుంది. నాలుగు కంటైనర్ల మీద 22 శాతం తగ్గింపు దగ్గర తేలింది. రేవు చార్జీలు చెరిసగం. మూడు షరతులు రాతపూర్వకంగా తీసుకున్నాం: ఆపిన పాత కంటైనర్ల డబ్బు ముందు వదలాలి, తగ్గింపు పోను మిగిలింది పదిహేను రోజుల్లో పంపాలి, ఈ సరుకు మీద ఇంకే క్లెయిమూ ఉండదు. మొదటి షరతు కోసం తగ్గింపులో రెండు శాతం ఎక్కువ ఇచ్చాం. బ్యాంకు వాయిదా దగ్గర పడుతోంది. ఆ సమయంలో చేతికి వచ్చే రూపాయి విలువ వేరు.

నీటిని బట్టి పని

ఇక ముందు ఏం చేయాలన్న దగ్గర ఆయన ఆలోచన ఆర్‌ఓ ప్లాంటు. తోట మీద అప్పు తెచ్చి బోరు నీటిని శుద్ధి చేస్తే ఏడాదంతా కడగొచ్చు. నేను వద్దన్నాను. ప్లాంటు ఏడాదిలో అక్కరకొచ్చేది రెండు నెలలు, అప్పు వాయిదా పన్నెండు నెలలు. పైగా ఆర్‌ఓ వదిలే నీళ్లు బోరు నీళ్ల కంటే ఉప్పగా ఉంటాయి. వాటిని ఎక్కడ వదులుతారు? పక్క చేల డ్రెయిన్‌లోకే. పొట్టు కడిగిన నీళ్ల గురించే చుట్టుపక్కల రైతులు అప్పటికే అడుగుతున్నారు. ఊళ్లో వాళ్లతో తగువు తెచ్చుకుని ఐరోపాకు మంచి సరుకు పంపడం నిలిచే వ్యాపారం కాదు.

బదులుగా పని వరస మార్చాం. కడగడం, ఆరబెట్టడం రెండూ మార్చి ఆఖరుకు పూర్తి చేయాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా కాలువలో నీళ్లూ ఉంటాయి, కళ్లంలో ఎండా ఉంటుంది. ఆ నాలుగు నెలల్లో కూలీలను ఎక్కువ పెట్టి కడిగి ఆరబెట్టిన పొట్టును షెడ్డులో కప్పి పెట్టుకుని, ఏప్రిల్, మే నెలల్లో నొక్కే పని మాత్రమే చేయాలి. నొక్కడానికి నీళ్లు అక్కర్లేదు. దీనికి కావలసింది ప్లాంటు కాదు, పెద్ద షెడ్డు. అప్పు తెచ్చారు, కానీ తోట జోలికి పోకుండా, మునుపు అనుకున్నదాంట్లో చిన్న భాగం. వానాకాలంలో నీళ్లున్నా పొట్టు ఆరదు. తేమ ఎక్కువున్న బ్లాకు కంటైనర్‌లో బూజు పడుతుంది. అందుకే జులై నుంచి అక్టోబరు దాకా ఎగుమతి మాటే ఇవ్వకూడదని తేల్చాం.

వేసవిలో కొట్టిన కొత్త పొట్టు సంగతి? అది కడియం వెళ్తోంది. కడియపులంక చుట్టూ ఉన్న నర్సరీలకు పొట్టు ఎప్పుడూ కావాలి. వాళ్లు తమ మిశ్రమాల్లో కలుపుకుంటారు, తమ నీళ్లతో తడుపుకుంటారు. ధర తక్కువే, కానీ లారీ దిగగానే డబ్బు. విదేశీ చెల్లింపు ఆలస్యమైన నెలల్లో కూలీల జీతాలు కడియం డబ్బుతోనే గడిచాయి. ఎగుమతి మొదలుపెట్టగానే స్థానిక అమ్మకం వదిలేసే యూనిట్లను చాలా చూశాను. దగ్గర్లోని బేరం ధర తక్కువని వదులుకోవద్దని గట్టిగా చెబుతాను.

కొలత బాధ్యత ఆవిడ తీసుకున్నారు. చేతిలో పట్టే ఈసీ మీటరు, 1.413 మిల్లీసీమెన్స్ ప్రామాణిక ద్రావణం సీసా, డిస్టిల్డ్ వాటర్ డబ్బా. రోజూ పొద్దున్న ముందు మీటరును ఆ ద్రావణంలో ముంచి అంకె సరిగ్గా వచ్చిందో లేదో చూస్తారు. తర్వాత కుప్ప అంచు నుంచి, నడిమి నుంచి, అడుగు నుంచి పొట్టు తీసి కలిపి, ఒక గ్లాసు పొట్టుకు అయిదు గ్లాసుల నీళ్లు పోసి, కలిపి, అరగంట ఉంచి పలచటి గుడ్డలో వడకట్టి మీటరు పెడతారు. అడుగు నుంచి తీయడం ముఖ్యం. నీళ్లు పైనుంచి పోస్తారు కాబట్టి ఉప్పంతా అక్కడికే దిగి ఉంటుంది. 0.15 దాటితే ఆ కుప్పకు ఎర్రగుడ్డ కడతారు, మళ్లీ కడగాలని గుర్తు. 1:1.5 పద్ధతిలో తేమకూ ఒత్తిడికీ నియమాలున్నాయి, యార్డులో అచ్చంగా కుదరవు. అందుకని రోజువారీ పని 1:5లో చేసి, ఎప్పటికప్పుడు కొన్ని శాంపిళ్లను ల్యాబులో 1:1.5లో కొలిపించి రెండు అంకెలూ రిజిస్టరులో పక్కపక్కనే రాస్తున్నారు.

రెండో ఒప్పందం

అదే కంపెనీతో, 2024 శీతాకాలానికి. ధర ఎఫ్‌ఓబీ విశాఖపట్నం. కంటైనర్ ఓడెక్కేదాకా మనది, ఆపైన కిరాయి వాళ్లది. సీఐఎఫ్ ఎప్పుడూ తప్పని నేననను. కానీ కిరాయిని ముందే ఖాయం చేసుకునే శక్తి నెలకు రెండు కంటైనర్లు పంపేవాడికి ఉండదు, పెద్ద దిగుమతిదారుకు ఉంటుంది. మోయగలిగినవాడి మీదే ఆ బరువు ఉండాలి.

ఈసీకి పద్ధతి రాశాం, ల్యాబు పేరు రాశాం. లోడింగ్‌కు ముందు తీసిన శాంపిల్‌ను రెండు భాగాలు చేసి సీలు వేయడం, ఒకటి ల్యాబుకు, ఒకటి మన అటక మీదకు. ఆ ల్యాబు ఇచ్చిన అంకె ఇద్దరికీ కట్టుబాటు. ల్యాబు ఖర్చు మనదే. కంటైనర్ విలువలో అది చాలా చిన్న భాగం, దాని మీద బేరం ఆడొద్దన్నాను.

డబ్బు 30 శాతం అడ్వాన్సు, మిగతాది బ్యాంకు ద్వారా డాక్యుమెంట్లు విడిపించుకునేటప్పుడు. ఎల్‌సీ, అంటే కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, అడుగుదామన్నారు ఆయన. ఎల్‌సీ మంచిదే, కానీ బ్యాంకులు చూసేది సరుకును కాదు, కాగితాలను. ఇన్‌వాయిస్‌లో ఒక మాట తేడా ఉన్నా చెల్లింపు ఆగొచ్చు. ఎల్‌సీ చార్జీలు ఇంత చిన్న విలువల మీద బరువు. ఇప్పటికి డాక్యుమెంట్ల మీద చెల్లింపు చాలనుకున్నాం. కొత్త దేశానికి, తెలియని కంపెనీకి పంపే రోజు వస్తే ఎల్‌సీయే అడుగుతాం. అప్పు మీద మాత్రం ఈ రెండు మూడేళ్లు లేదు.

కంటైనర్ల సంఖ్య తగ్గింది. డిసెంబరు నుంచి మే దాకా నెలకు రెండే, అదీ మార్చి ఆఖరుకు కడిగిన పొట్టు ఎంత ఉందో చూసి ఏప్రిల్, మే సంఖ్య ఖాయం చేస్తామన్న షరతు మీద. కొన్న కంపెనీ ఈ షరతుకు అభ్యంతరం చెప్పలేదు. ఎప్పుడు ఎంత వస్తుందో ముందే తెలియడం వాళ్లకూ కావాలి. ఆ సీజను కంటైనర్లలో ఒక్కటీ ఈసీ మీద వెనక్కి రాలేదు. ఆదాయం మొదటి ఏడు నెలల కంటే తక్కువే, చేతిలో మిగిలింది మాత్రం ఎక్కువ.

ఇప్పుడు ముందున్నది బఫరింగ్ ప్రశ్న. నీటితో కడిగితే విడిగా ఉన్న ఉప్పు పోతుంది కానీ, పొట్టును అంటిపెట్టుకున్న పొటాషియం, సోడియం పోవు. రైతు కాల్షియం ఎరువు వేసినప్పుడు అవి బయటికొచ్చి, కాల్షియాన్ని పొట్టు పట్టేసుకుంటుంది. అందుకే కొనేవాళ్లు కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి మళ్లీ కడిగిన పొట్టు అడుగుతున్నారు. ధర బాగా ఎక్కువ. ఆయనకు ఆశగా ఉంది, నాకూ ఉంది. కానీ ఆ నైట్రేట్ నీళ్లను డ్రెయిన్‌లోకి వదలకుండా ఏం చేయాలో ముందు తేలాలి, ఒక కుప్ప మీద చేసి ఎంత మందు, ఎంత నీరు పట్టిందో లెక్క రావాలి. వచ్చే చలికాలం ఒక తొట్టెలో మొదలుపెడదామన్నాం. అది రిజిస్టరులోకి ఎక్కేదాకా కొనేవాళ్లకు ధర చెప్పొద్దని ఆయనతో అనుకున్నాం. ధర అడుగుతూ ఇప్పటికే మెయిల్ వచ్చింది. వచ్చే ఏడాది మార్చిలో చెబుతామని ఆవిడే జవాబు రాశారు.